ఎపాక్సీ ఆరదు, మాగుతుంది: ఏడు గోల్ఫ్ కర్రల రిపేరు డైరీ

డిసెంబరు 26

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా కొట్టు. షటిల్ బ్యాట్లకి గట్టింగు, క్యారమ్ బోర్డులకి పాలిషు, క్రికెట్ బ్యాట్లకి పిడి దారం, ఇరవై ఏళ్లుగా ఇదే పని. గోల్ఫ్ ఆడాలంటే మా ఊరివాళ్లు విశాఖ వెళ్లాలి, ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ మైదానానికి. నేవీలో చేసి రిటైరై, కంటోన్మెంటు వైపు ఇల్లు కట్టుకున్న సారొకరు వారానికి రెండుసార్లు వెళ్లి ఆడొస్తారు. ఆయన కర్రలకి గ్రిప్పులు మార్చేది నేనే.

అక్టోబరులో ఆయన 7వ నంబరు ఐరన్ (ఇనప తల ఉన్న కర్ర) పట్టుకొచ్చారు, తల కొంచెం ఊగుతోందని. ఐదు నిమిషాల ఎపాక్సీ, అంటే రెండు ట్యూబులు కలిపి పెట్టే జిగురు, పెట్టి అరగంటలో చేతికిచ్చేశాను. రెండు నెలలు ఆగింది. మొన్న ఆదివారం బంతి కొట్టగానే తల ఊడి ముప్పై అడుగుల అవతల పడిందట. అటువైపు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. "ఏం కాలేదులే, మళ్లీ పెట్టెయ్" అన్నారాయన. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. 270 గ్రాముల ఇనుప ముద్ద అది. నేను అతికించిన ముద్ద.

పొద్దున్నే ఫోను చేసి చెప్పాను: "మొత్తం సెట్టు తెచ్చెయ్యండి సార్. ఏడింటికీ అతుకు విప్పి మళ్లీ పెడతాను. కూలి వద్దు. సంక్రాంతి దాటాక ఇస్తాను, తొందరపెట్టొద్దు."

4 నుంచి 9 దాకా ఆరు ఐరన్లు, ఇనప కడ్డీలవి. ఏడోది గ్రాఫైటు కడ్డీ ఉన్న 3వ నంబరు వుడ్డు. పేరుకే వుడ్డు, తల లోహమే.

డిసెంబరు 28

ముందు ఊడిన 7వ నంబరుని చూడాలి. కొత్త జిగురు గురించి ఆలోచించేముందు పాతది ఎలా విడిచిపెట్టిందో తెలియాలి కదా.

తలకి గొట్టంలాంటి భాగం ఒకటుంటుంది, కడ్డీ దూరేది అందులోకే. వాళ్లు హోజెల్ అంటారు. నేను మెడ అనే రాసుకుంటున్నాను. మెడనీ కడ్డీనీ పట్టుకుని మా వీధి చివర లేతు మావయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పైకెత్తి రెండూ వెలుతురులో తిప్పి చూశాడు.

"ఏటి బావూ, జిగురంతా మెడలోనే ఉండిపోనాది. కడ్డీకి ఒక్క ముక్కా నేదు. సూడు, అద్దంలా మెరుస్తంది. ఇది ఊడిపోనాదంటావేటి? అంటుకుంటే కదా ఊడ్డానికి!"

ఆయన చెప్పింది నిజం. జిగురే బలహీనమై తెగితే సగం అటు, సగం ఇటు ఉండాలి. మొత్తం ఒకవైపే ఉండిపోయిందంటే రెండోవైపు అసలు పట్టే లేదన్నమాట. కడ్డీ చివర క్రోమ్ పూత ఉంది. నేను దాన్ని గీకలేదు, గుడ్డతో తుడిచి ఊరుకున్నాను. క్రోమ్ నున్నగా ఉంటుంది, జిగురుకి దానిమీద ఆనిక దొరకదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. సారు తలని సెకనుకి 30 మీటర్ల వేగంతో తిప్పుతారనుకుందాం, తిరిగే వృత్తం వ్యాసార్ధం మీటరున్నర. 0.27ని 900తో హెచ్చవేసి 1.5తో భాగిస్తే 162 న్యూటన్లు, అంటే సుమారు పదహారున్నర కిలోల లాగుడు. ఇక అంటుకునే జాగా: 9.4 మి.మీ. కడ్డీ మెడలోకి 30 మి.మీ. దిగితే దాదాపు 885 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకి ఒక్క న్యూటను పట్టు ఉన్నా 90 కిలోలు మోయాలి. శుభ్రమైన ఇనుము మీద మంచి ఎపాక్సీ పట్టు దానికి 20 రెట్ల పైమాటే.

లాగుడుకి ఊడలేదు మరి. బంతి తలకి అంటుకుని ఉండేది సెకనులో రెండు వేలవ వంతు. అంత తక్కువ సేపట్లో దెబ్బ పడుతుంది. బంతి ముఖం మధ్యలో కాకుండా కొసకి తగిలితే తల మెలి తిరగబోతుంది. పట్టు లేని చోట ఆ మెలి కొద్దికొద్దిగా జరిపేస్తుంది, వంద దెబ్బలకి వెంట్రుకంత, వెయ్యి దెబ్బలకి వదులు. రెండు నెలలు ఆగింది అందుకే. ఇన్నాళ్లూ తప్పు ఐదు నిమిషాల జిగురుదే అనుకున్నాను. సగం తప్పే దానిది.

డిసెంబరు 30

విప్పడం. మెడకీ కడ్డీకీ మధ్య నల్ల ప్లాస్టిక్ ఉంగరం ఒకటుంటుంది, ఫెర్రూల్. దాన్ని బ్లేడుతో చీల్చి తీసేశాను. కొత్తవి సారు ముందే తెప్పించి ఇచ్చారు. కడ్డీని చెక్క దిమ్మెల మధ్య వైసులో బిగించి, మెడకి హీట్ గన్‌తో చుట్టూ వేడి పెట్టాను. రెండు నిమిషాలకి జిగురు ఘాటు వాసన మొదలైంది. ఇది ఆరుబయటే చెయ్యాలి, ఆ పొగ పీల్చేది కాదు. తోలు గ్లౌజుతో తలని పట్టి మెలితిప్పుతూ లాగితే వచ్చేసింది. ఇనప కడ్డీ కాబట్టి మెలితిప్పొచ్చు. గ్రాఫైటు సంగతి వేరు, అది ఇవాళ ముట్టుకోలేదు.

ఎపాక్సీ వేడికి వదిలెయ్యడం లోపం కాదు, గుణం. మా అత్తవారిది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. వీణలు చేసే ఊరు. అక్కడ మెట్లని నల్లపొడి కలిపిన మైనంలో కూర్చుతారు. అరిగిపోతే ఆ మైనాన్ని వెచ్చచేసి మెట్లని మళ్లీ సర్దుతారు. ఎన్నేళ్ల తర్వాతయినా ఎవరో ఒకరు విప్పాల్సి వస్తుందని తెలిసి పెట్టిన అతుకది. గోల్ఫ్ కర్రకీ అంతే, కడ్డీ వంగితే తల పారెయ్యరు. ఎంత వేడికీ లొంగని జిగురు ఈ పనికి మంచిది కాదు.

5వ నంబరు రాలేదు. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు, మెడ రంగు మారుతోంది తప్ప కదలదు. ఆపి, చల్లారాక గరుకు కాగితంతో రుద్ది చూస్తే మెడ పక్కన గుండుసూది తలంత చుక్క. పిన్ను! పాతకాలం ఐరన్లలో జిగురుతోపాటు మెడకి అడ్డంగా సన్నటి పిన్ను కొట్టేవాళ్లు. ఈ ఒక్కటీ ఆయన మామగారి సెట్టులోదట, మిగతా వాటికంటే చాలా పాతది. మావయ్య సన్న పంచితో రెండు దెబ్బల్లో పిన్ను అవతలికి పంపాడు. ఆ తర్వాత అర నిమిషం వేడికే తల ఊడొచ్చింది. నేను ఇంకో నిమిషం మొండిగా లాగుంటే మెడ వంగిపోయేది.

9వ నంబరులో ఇంకో సంగతి. వెర్నియర్ పెట్టి చూస్తే మెడ రంధ్రం తొమ్మిదిన్నర, కడ్డీ కొస 9.0. ఐరన్లకి రెండు రకాల కడ్డీలు వస్తాయి: కొస దాకా ఒకే లావుండేది 9.4 మి.మీ., కొస సన్నబడేది 9.0. రెండో రకం కడ్డీని మొదటి రకం తలలో పెట్టి, ఖాళీ అంతా జిగురుతో నింపేశారు ఎవరో. జిగురు పొర అంత మందంగా ఉంటే కడ్డీ మధ్యలో నిలబడదు, ఒక పక్కకి ఒరిగిపోతుంది. దీనికి 0.2 మి.మీ. ఇత్తడి రేకు చుట్టి పెట్టాలి. మావయ్య దగ్గర ముక్క ఉంది.

జనవరి 2

జిగురు ఎంపిక. రెండు రోజులు దీని మీదే కూర్చున్నాను.

సూపర్ గ్లూ మాట మొదట్లోనే తీసేశాను. చుక్కంత జాగాలో బిగువుగా ఆనిన వాటికి బాగుంటుంది, మెడలో ఉండే సందు అది నింపలేదు, దెబ్బకి పెళుసు.

ఐదు నిమిషాల ఎపాక్సీలు. కలిపాక నాలుగో నిమిషానికే చిక్కబడిపోతాయి. కడ్డీ పూర్తిగా దిగి, తల ముఖం సూటిగా ఉందో లేదో చూసుకునేలోపే పట్టేస్తాయి. తొందరగా ముడిపడేవి తేమకీ వేడికీ దెబ్బకీ తక్కువ తట్టుకుంటాయి కూడా. ఫొటో ఫ్రేముకి సరే.

గోల్ఫ్ కోసమే అమ్మే ఎపాక్సీలున్నాయి, విదేశాల్లో బ్రాంప్టన్ పేరు బాగా తెలిసినది. త్రీఎం వాళ్ల డీపీ 420, డీపీ 460 అనే రెండింటిని కూడా కర్రలు బిగించేవాళ్లు చాలామంది వాడతారు. రెండూ రెసిన్ (అసలు జిగురు) రెండు పాళ్లకి హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది) ఒక పాలు. కలిపాక 420తో 20 నిమిషాలు పని చేసుకోవచ్చు, 460తో గంట. రెండూ దెబ్బకి పగలకుండా గట్టిదనంలో కాస్త సాగుడు కలిపినవి. గొట్టాన్ని తుపాకీలాంటి దానిలో పెట్టి నొక్కితే ముక్కులోనే కలిసి వస్తుంది. కొలతలో తప్పు పడదు. ఖరీదు మాత్రం ఎక్కువ, ఆ తుపాకీ వేరేగా కొనాలి.

ఇక మన గంటస్తంభం దగ్గర ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరికే అరాల్డైట్ స్టాండర్డ్. ఆ పేరు 1946 నుంచి ఉంది, స్విట్జర్లాండులో సీబా కంపెనీ తెచ్చింది. రెండు ట్యూబుల్లోంచి సమానంగా పిండి కలపడమే. పని చేసుకోవడానికి గంటకి పైనే సమయముంటుంది. నిదానంగా గట్టిపడుతుంది.

ఆరు ఐరన్లకి అరాల్డైట్ స్టాండర్డ్, వుడ్డుకి డీపీ 420 అని నిర్ణయించుకున్నాను. వుడ్డు తల అన్నిటికంటే వేగంగా తిరుగుతుంది, మెడ కూడా చిన్నది, రంధ్రం 8.5 మి.మీ. మాత్రమే. అంటుకునే జాగా తక్కువైన చోట దెబ్బ ఓర్చే జిగురు కావాలి. తుపాకీతో సహా ఆర్డరు పెట్టాను. వారం పడుతుందట.

జనవరి 4

ఒక తప్పు రాసిపెట్టాలి, ఇంకొకరు చెయ్యకుండా.

ట్యూబులోంచి సమానంగా పిండడం కంటే తూచడం మేలనుకున్నాను. పక్కింటి బంగారం పనివాళ్ల కాటా అడిగి తెచ్చి, రెసిన్ 10 గ్రాములు, హార్డెనర్ 10 గ్రాములు తూచి కలిపాను. రెండు రోజుల తర్వాత చూస్తే ముద్ద గట్టిగానే ఉంది, గోరు నొక్కితే మాత్రం గుర్తు పడుతోంది. తోలులా వంగుతోంది.

36 గ్రాముల ప్యాకెట్టు తిప్పి చూస్తే అర్థమైంది. అందులో రెసిన్ 20 గ్రాములు, హార్డెనర్ 16. సమానం అన్నది పరిమాణంలో, బరువులో కాదు. రెసిన్ బరువైనది, హార్డెనర్ తేలిక. తూచితే పదికి ఎనిమిది. నేను రెండు గ్రాములు ఎక్కువ పోశాను.

హార్డెనర్ ఎక్కువైతే ఇంకా గట్టిపడుతుందని మన దగ్గర చాలామంది మిస్త్రీలు నమ్ముతారు. అది పెరుగుకి తోడు కాదు, అక్షింతలకి పసుపు కాదు, ఎక్కువ తక్కువైనా పనైపోవడానికి. రెసిన్ అణువుకి జత హార్డెనర్ అణువు. జత దొరకనివి మధ్యలో అలాగే ఉండిపోయి ముద్దని మెత్తబరుస్తాయి.

చేతుల గురించీ ఒక మాట. హార్డెనర్ వేళ్లకి అంటితే మొదట్లో ఏమీ అనిపించదు. ఏళ్ల తరబడి అంటించుకుంటే ఒక రోజు ఒంటికి పడకుండా పోతుంది, ఆ తర్వాత చుక్క తగిలినా దద్దురే. నా ఎడమ బొటనవేలి పక్క రెండేళ్లుగా దురద. నీలం నైట్రైల్ గ్లౌజుల డబ్బా ఇవాళ కొన్నాను.

జనవరి 8

కొట్టుకి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న: "ఆరిందా?"

ఫెవికాల్ ఆరుతుంది. అందులో నీరు ఎగిరిపోతుంది, జిగురు మిగులుతుంది. రంగు ఆరుతుంది. ఎపాక్సీలోంచి ఏదీ ఎగిరిపోదు. పోసినంతా ఉంటుంది, లోపల రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటూ వలలా అల్లుకుంటాయి. గాలి తగిలినా తగలకపోయినా అల్లుకుంటాయి. దానికి కావలసినవి వేడి, సమయం. గడ్డిలో మామిడికాయ మాగబెట్టినట్టు. తొక్క రంగు తిరిగిందని కోస్తే లోపల పులుపు. ఎపాక్సీ కూడా వేలికి అంటుకోవడం మానెయ్యగానే మాగిపోలేదు. అందుకే ఈ డైరీలో 'ఆరింది' అన్న మాట మానేసి 'మాగింది' అని రాస్తున్నాను.

ఎంతసేపు మాగాలి? ప్యాకెట్ల మీద రాసే గంటలు 23, 25 డిగ్రీల గదికి. మా కొట్టు రేకుల షెడ్డు. ఈ నెల తెల్లవారుజామున లోపల 18 ఉంటోంది, మేలో 40 దాటుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే మాగే వేగం దాదాపు రెట్టింపు, తగ్గితే సగం అని మోటు లెక్క. అంటే ప్యాకెట్టు మీది గంటలు నాకు పనికిరావు. నా గంటలు నేను కనుక్కోవాలి.

మావయ్య ఇనప పట్టీలు 10 మి.మీ. వెడల్పుతో కోసిచ్చాడు. రెండు పట్టీల కొసలు ఒకదాని మీద ఒకటి 5 మి.మీ. మాత్రమే కలిసేలా అతికించాను. అంటే 50 చదరపు మిల్లీమీటర్లు. దూలానికి కట్టి 50 కిలోల సిమెంటు బస్తా వేలాడదీస్తే చదరపు మిల్లీమీటరుకి 10 న్యూటన్లు పడుతుంది. నా దగ్గర యంత్రం లేదు, సిమెంటు బస్తా ఉంది. పట్టీ కాస్త వంగుతుంది కాబట్టి ఇది ల్యాబు లెక్క కాదు, మంచి చెడ్డా తేల్చడానికి చాలు.

రాత్రి చలిలో ఎనిమిది గంటలు ఉంచినది: ఇసక బకెట్టు సగం నిండేసరికే విడిపోయింది. రెండువైపులా జిగురు ఉంది, బంకగా. అంటే పట్టు ఉంది, మాగడం లేదు. పగలు కిటికీ దగ్గర ఎనిమిది గంటలు ఉంచినది నిండు బకెట్టు మోసింది, బస్తా ఎత్తగానే తెగింది. చలిలోనే ఒక పూర్తి రోజు ఉంచినది బస్తాని అరగంట మోసి పడేసింది. మూడు రోజులు ఉంచినదానికి బస్తా పొద్దున వేలాడదీస్తే సాయంత్రం కొట్టు కట్టేదాకా అలాగే ఉంది.

అక్టోబరులో నేను అరగంటకే ఇచ్చేసిన కర్ర గుర్తొచ్చింది.

జనవరి 10

వెచ్చని పెట్టె తయారు చేశాను. చేపల బజారులో దొరికే థర్మకోల్ పెట్టె, కడిగి రెండు రోజులు ఎండబెట్టినది. లోపల 40 వాట్ల పాత ఫిలమెంటు బల్బు, రేకు డబ్బాలో పెట్టి థర్మకోల్‌కి తగలకుండా. ఎల్ఈడీ పనికిరాదు, దానికి అంత వేడి రాదు. పక్కన కన్నాలు పొడిచి తలలు లోపల, కడ్డీలు బయట ఉండేలా చేశాను. మూత సందు పెంచి తగ్గించి 45 డిగ్రీల దగ్గర నిలిపాను. మనిషి పక్కన ఉన్నప్పుడే బల్బు వెలగాలి, రాత్రి వదిలేసి వెళ్లకూడదు. థర్మకోల్ మంట పట్టుకుంటే ఆగదు.

పెట్టెలో ఐదు గంటలు మాగిన పట్టీ సిమెంటు బస్తాని కొంచెం కూడా వణక్కుండా మోసింది.

వేడిలో మాగినదానికి ఇంకో లాభం. గది వేడిలో మాగిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడ్డం మొదలవుతుంది. వెచ్చగా మాగబెడితే ఆ హద్దు కొంత పైకి జరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ లోపల ఎంత వేడో మనకి తెలుసు. కర్రలు అందులో వదలొద్దని సారుకి చెప్పాలి, ఎవరు బిగించిన కర్రలైనా సరే.

జనవరి 11

7, 8 నంబర్లు. ఎక్కువ సేపు పట్టింది జిగురుతో కాదు, జిగురుకి ముందు.

కడ్డీ కొస 30 మి.మీ. మేర క్రోమ్ మొత్తం పోయేదాకా 80 నంబరు ఎమరీ పట్టీతో చుట్టూ రుద్దాను. మెరుపు పోయి బూడిదరంగు ఇనుము కనపడాలి, ఒక్క మచ్చ కూడా మెరవకూడదు. మెడ లోపల గుండ్రటి వైరు బ్రష్షు డ్రిల్లుకి తగిలించి పాత జిగురంతా తీశాను. తర్వాత అసిటోన్, తెల్ల గుడ్డ. గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా, ఆరేడు ముక్కలు మార్చాను. గోళ్ల రంగు తీసే ద్రవం వద్దు, అందులో నూనెలు కలుపుతారు.

శుభ్రమైందో లేదో తేల్చడానికి నీటి చుక్క. జిడ్డు ఉంటే తామరాకు మీద లాగా ముత్యమై నిలుస్తుంది. లేకపోతే పల్చగా పాకిపోతుంది. 8వ నంబరు మొదటిసారి ముత్యం కట్టింది. నా వేలిముద్రే. మళ్లీ తుడిచాను, ఆ నీటినీ అసిటోన్‌తో తీసేసి ఆరనిచ్చాను.

పలక మీద సమానంగా పిండి, అంచులు గీకుతూ రెండు నిమిషాలు నిదానంగా కలిపాను. చారలు కనపడకుండా ఒకే రంగుకి రావాలి. కప్పులో ముద్దగా ఉంచితే తన వేడికి తనే తొందరగా బిగుసుకుంటుంది, పలక మీద పల్చగా పరిస్తే నిదానిస్తుంది. మెడ లోపల పుల్లతో పూశాను, కడ్డీకి కూడా. తిప్పుతూ దించాను, గాలి బయటికి వచ్చేలా. అంచున పొంగినది తుడిచి, తల ముఖం సరిచూసి, తల కిందికి ఉండేలా గోడకి ఆనించాను. తల పైకి ఉండేలా నిలబెడితే పచ్చి జిగురు కడ్డీ లోపలికి కారి, గట్టిపడ్డాక ఊపినప్పుడల్లా గలగలమంటుంది.

తొందరపడింది ఇక్కడే. గంటన్నరకే రెండింటినీ వెచ్చని పెట్టెలో పెట్టేశాను. మధ్యాహ్నం చూస్తే 8వ నంబరు ఫెర్రూల్ కింద రెండు మిల్లీమీటర్ల సందు, తల బయటికి జరిగింది. వేడి తగిలేసరికి పచ్చి జిగురు ముందు పల్చబడుతుంది, కింద చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది, రెండూ కలిసి తలని తోసేస్తాయి. గ్రిప్పు చివర ఉండాల్సిన చిన్న కన్నం జిగురు టేపుతో మూసుకుపోయి ఉంది, గాలికి దారి లేదు. వెంటనే లాగి, తుడిచి, కన్నం పొడిచి మళ్లీ పెట్టాను.

కాబట్టి వరస ఇది: రాత్రంతా గదిలో, కదలకుండా. ముడిపడ్డాక మర్నాడు పెట్టెలో ఐదారు గంటలు. ఆ తర్వాత వారం ఊరికే ఉంచడం.

భోగి

తెల్లవారుజామున వీధిలో మంట. మా అన్నయ్య కొడుకు రెండు కర్రలు పట్టుకొచ్చాడు, "బాబాయ్, మంట పక్కన పెడితే తొందరగా మాగవా?" అని. మంట దగ్గర ఒక పక్క వంద డిగ్రీలు, ఇంకో పక్క పాతిక. ఎంత మాగిందో, ఎంత మాడిందో ఎవరూ చెప్పలేరు. వాడికి సిమెంటు బస్తా పట్టీ చూపించి లోపల పెట్టించాను.

నిన్న రాత్రే మిగతా నాలుగు ఐరన్లు అతికించాను. 9వ నంబరుకి ఇత్తడి రేకు చుట్టి, రేకుకి కూడా రెండువైపులా ఎమరీ రుద్ది. పాత 5వ నంబరు పిన్ను కన్నంలో జిగురే నింపాను. కనుమ, ముక్కనుమ దాకా కొట్టు తియ్యను. పండగ వాటికి మాగడానికే వచ్చినట్టుంది.

జనవరి 18

గ్రాఫైటు. దీని దగ్గర చెయ్యి వణికింది.

గ్రాఫైటు కడ్డీ అంటే కార్బన్ నారలు, వాటిని పట్టి ఉంచేది కూడా ఒక రెసినే. మెడలో జిగురు వదిలే వేడికి కాస్త ఎక్కువైతే కడ్డీ రెసిన్ కూడా మెత్తబడుతుంది. ఆ సమయంలో మెలితిప్పితే నారలు పిప్పి పిప్పి అయిపోతాయి, బయటికి కనపడకుండా. అందుకే దీన్ని తిప్పకూడదు, సూటిగా లాగాలి. మావయ్య బేరింగ్ పుల్లర్‌కి రబ్బరు పట్టీలు కట్టి మెడ వెనక దవడ ఆనించి ఇచ్చాడు. పదిహేను సెకన్లు వేడి, పావు తిప్పు బిగింపు. మళ్లీ పదిహేను సెకన్లు. ఆరోసారికి టక్కుమని ఒక వెంట్రుకంత జారింది. ఇంక వేడి పెట్టలేదు, పుల్లరే తెచ్చేసింది.

"ఆడపిల్లని అత్తోరింటికి పంపినట్టు ఎంత సేపు సేసినావు బావూ" అన్నాడు మావయ్య. ఆ కడ్డీ ఖరీదు చెప్పాక ఆయన కూడా మాట్లాడలేదు.

కొసన రంగు మాత్రమే కత్తి వెనకవైపుతో గీకాను. నల్లటి నారల దాకా వెళ్లకూడదు, ఇనుముకి రుద్దినట్టు దీనికి రుద్దితే కడ్డీ సన్నబడిపోతుంది. డీపీ 420 తుపాకీతో నొక్కి, ముక్కులోంచి వచ్చిన మొదటి బఠాణీగింజంత పక్కన పారేశాను, అందులో రెండూ సరిగా కలిసి ఉండవు. తల పెట్టి, ముఖం సరిచూసి, ఆనించేసరికి పదకొండు నిమిషాలు. ఇరవైలో తొమ్మిది మిగిలాయి.

జనవరి 27

ఇచ్చేముందు ప్రతి మెడ మీంచి ఫెర్రూల్ దాటి కడ్డీ దాకా తెల్లరంగుతో ఒక సన్న గీత గీశాను. తల వెంట్రుకంత తిరిగినా గీత రెండు ముక్కలుగా కనపడుతుంది. ఊగడం మొదలయ్యే చాలా ముందే తెలుస్తుంది.

"ఆట మొదలుపెట్టేముందు ఈ గీతలు చూసుకోండి సార్. ఒక్కటి విరిగినా ఆ కర్ర సంచిలో పెట్టి నా దగ్గరికి తెచ్చెయ్యండి. కారు ఎండలో ఉంటే సంచి ఇంట్లోకి తీసుకుపోండి."

ఆయన ఏడింటినీ ఒక్కొక్కటే తిప్పి చూసి, 7వ నంబరు దగ్గర ఆగి గీతని బొటనవేలితో తడిమారు. "ఇది అదేనా?"

"అదే సార్."

ఇవాళ సాయంత్రం ముడసర్లోవ నుంచి ఫోను చేశారు. రెండు వందల బంతులు కొట్టారట. ఆరు గీతలు సూటిగా ఉన్నాయి. 9వ నంబరు గీత కూడా సూటిగానే ఉంది కానీ ఫెర్రూల్ కొద్దిగా పైకి జరిగిందన్నారు, గోరంత. తల కదిలిందా, ఫెర్రూల్ ఒక్కటే జరిగిందా ఫోనులో తేలదు. రేపు పొద్దున తెస్తున్నారు. హీట్ గన్, మిగిలిన ఇత్తడి రేకు బల్ల మీద పెట్టి వచ్చాను.